చెవిలోని అల

ఒక పరిశోధకుని ప్రచురణల పట్టిక పైకి నిస్సారంగా కనిపిస్తుంది. సంవత్సరం, పత్రిక పేరు, సంపుటం, పుటల సంఖ్య, ఇంతే గదా! కథకు కావలసిన మనుష్యులు అందులో ఉండరు. కాని కొన్ని పట్టికలను ఆది నుండి తుద వరకు వరుసగా చదువుకొంటూ పోతే ఒక జీవితకాలపు వాదం వినిపిస్తుంది. ఆ వాదంలో పట్టు ఎక్కడ ఉన్నదో, బిగి ఎక్కడ సడలినదో కూడ తెలిసిపోతుంది. గేయోర్గ్ ఫాన్ బేకేషీ పట్టిక అటువంటిది. చెవిని గూర్చి మానవజాతి తెలుసుకొన్న అతిముఖ్యమైన సంగతి ఒకటి అందులో ఉన్నది. అంత ముఖ్యమైన సంగతి మరొకటి అందులో లేదు. ఉన్నదానికి 1961లో నోబెల్ బహుమతి వచ్చినది. లేనిదాని కోసం ఆయన చర్మాన్ని, నాలుకను, ముక్కును, కంటిని పరీక్షిస్తూ శేషజీవితమంతా వెదకినాడు.

బేకేషీ 1899 జూన్ 3వ తేదీన బుడాపెస్టు నగరంలో జన్మించినాడు. తండ్రి దౌత్యోద్యోగి కావడంచేత కుర్రవాని చదువు మ్యూనిక్, కాన్‌స్టాంటినోపుల్, బుడాపెస్టు, జూరిచ్ నగరాల మధ్య తిరిగినది. బెర్న్ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం అభ్యసించి, 1923లో బుడాపెస్టు విశ్వవిద్యాలయం నుండి భౌతికశాస్త్రంలో డాక్టరేటు పొందినాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఓడిపోయి, 1920 నాటి సంధితో తన భూభాగంలో మూడింట రెండు వంతులు పోగొట్టుకొన్న హంగరీ దేశంలో ఒక భౌతికశాస్త్రజ్ఞునికి పని ఎవరిస్తారు? విశ్వవిద్యాలయాలలో పరికరాలకు డబ్బు లేదు. మంచి పరికరాలు మిగిలిన చోటు తపాలాశాఖవారి టెలిఫోను పరిశోధనశాల. దేశమెంత చితికినా దూరప్రాంతాలతో మాట్లాడే తంతులు మాత్రం చెడిపోకూడదు గదా! బేకేషీ అందులో ఉద్యోగంలో చేరినాడు. 1946 వరకు ఆ శాఖతో సంబంధం విడువలేదు.

అక్కడ ఆయనకు ఎదురైన తొలి పని తంతులను పరీక్షించడం. తంతి బాగున్నదో లేదో తేల్చడానికి నాటి ఇంజనీర్లు వేరువేరు స్థాయిల స్వరాలను ఒకటొకటిగా పంపి కొలిచేవారు. దానికి చాలసేపు పట్టేది. బేకేషీ సంగీతం తెలిసినవాడు. కచ్చేరికి ముందు వైణికుడు తీగను ఒక్కసారి మీటి, చెవి యొగ్గి, శ్రుతి కుదిరినదీ లేనిదీ చెప్పగలడు. ఆ ఉపాయమే తంతికి ఎందుకు పనికిరాదు? ఆయన తంతిలోకి క్షణకాలం కొద్దిపాటి విద్యుత్తును వదిలి, ‘టిక్కు’మని తిరిగివచ్చే చప్పుడును విన్నాడు. ఆ ఒక్క చప్పుడులో తంతి కథంతా ఉన్నది.

తరువాత అధికారులు మరింత పెద్ద ప్రశ్న వేసినారు. టెలిఫోను యంత్రాంగంలో ఏ భాగాన్ని బాగుచేస్తే మాట స్పష్టంగా వినబడుతుంది? దానికి జవాబు చెప్పాలంటే, మాటను చివరకు అందుకొనే చెవి ఎంత మంచి పరికరమో తెలియాలి. శ్రోతపాత్రలోని లోహపు రేకుతో మానవుని కర్ణభేరిని పోల్చి చూసినాడు. రేకు ఒక్కసారి తాకితే చాలు, పని అయిపోయిన తరువాత కూడ మ్రోగుతూనే ఉంటుంది. కర్ణభేరి అట్లా కాదు. కదలవలసినంత కదలి వెంటనే ఊరుకొంటుంది. మనిషి చేసిన యంత్రం ప్రకృతి చేసినదానికి చాల దూరంలో ఉన్నదని తేలిపోయినది. తపాలాశాఖకు కావలసిన సమాధానం అక్కడితో దొరికినట్లే. బేకేషీకి మాత్రం ప్రశ్న అప్పుడే మొదలైనది.

బయటి శబ్దం కర్ణభేరిని తాకుతుంది; దాని వెనుక సుత్తి, దాగలి, అంకవన్నె అనే మూడు చిన్న ఎముకలు ఆ కదలికను లోపలికి అందిస్తాయి; అవతల నత్తగుల్ల ఆకారంలో, ద్రవంతో నిండిన కర్ణావర్తం ఉన్నది. ఇంతవరకు శరీరశాస్త్రజ్ఞులందరికీ తెలుసు. ఆ నత్తగుల్లను చుట్లు విప్పి చాచగలిగితే దాని పొడవునా ఆధారత్వచమనే సన్నని పొర సుమారు 35 మిల్లీమీటర్లు సాగి ఉంటుంది. దాని మీదనే, 1851లో కోర్టి అనే ఇటలీ దేశస్థుడు వర్ణించిన రోమకణాలు వరుసలు తీరి ఉన్నవి. ఆ పొర ఎట్లా కదిలితే మనం షడ్జమాన్ని షడ్జమంగాను, పంచమాన్ని పంచమంగాను వింటున్నాము? వివాదమంతా ఇక్కడ.

జర్మనీ పండితుడు హెల్మ్‌హోల్ట్స్ 1863లో ప్రచురించిన స్వరసంవేదనల గ్రంథంలో ఒక సమాధానం చెప్పినాడు. చెవిలో పొడుగూ పొట్టీ అయిన తీగలు వీణకు బిగించినట్లు బిగించి ఉన్నవనీ, ఏ స్వరం వస్తే దానికి శ్రుతి కలిసిన తీగ మాత్రమే మ్రోగుతుందనీ ఆయన సిద్ధాంతం. ఆ గ్రంథం ప్రభావం ఎంత దూరం పోయిందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. విశాఖపట్టణంలో బాల్యవిద్య గడపిన చంద్రశేఖర వెంకటరామన్, తన మనస్సును తీర్చిన మూడు పుస్తకాలలో దానిని ఒకటిగా పేర్కొన్నాడు. మృదంగం కుడి మూతపై నల్లని పూత ఎందుకు ఉన్నదో, దానివల్ల ఆ వాద్యపు స్వరాలు తీగ స్వరాలవలె ఎట్లా పొందికపడినవో 1920లో వెలువడిన వ్యాసంలో విప్పి చెప్పినవాడు ఆ రామనే.

హెల్మ్‌హోల్ట్స్ మాట అందమైనది. అందమే దానికి బలం. కాని ఒప్పుకోనివారూ ఉన్నారు. 1886లో రూథర్‌ఫర్డ్ అనే శరీరశాస్త్రజ్ఞుడు, చెవిలో విభజన ఏదీ జరగదనీ, పొర అంతా టెలిఫోను రేకువలె ఒక్కుమ్మడిగా కంపిస్తుందనీ, స్వరభేదాన్ని మెదడే గుర్తిస్తుందనీ వాదించినాడు. ఇంకొకరు పొరపై నిశ్చలతరంగాలు ఏర్పడతాయన్నారు. ఇట్లా పుస్తకాల మీద పుస్తకాలు వచ్చినవి. ఒక లోపం మాత్రం అందరికీ సామాన్యం: ఆ పొర కదలగా చూసినవాడు ఒక్కడూ లేడు.

చూడాలని అనుకోవడమే బేకేషీ గొప్పతనం. ముందు నమూనాలు చేసినాడు. నీటితొట్టిని అడ్డంగా రెండుగా చీల్చే రబ్బరుపొర బిగించి, ఒక చివర కంపనం కలిగిస్తే ఏమవుతుందో గమనించినాడు. తరువాత శవాల నుండి తీసిన చెవులను తెచ్చుకొని, వాటిని నీటిలో మునుగబెట్టి, సూక్ష్మదర్శిని క్రింద ఎముకను కొద్దికొద్దిగా అరగదీసి కర్ణావర్తాన్ని తెరచినాడు. తపాలాశాఖ కార్ఖానాలోని బెజ్జాలు వేసే యంత్రంపై పొద్దున్నే మనిషి ఎముకల పొడి కనిపించి పనివారు గొణుగుకొన్నారని ఒక కథ ఉన్నది. గొణగక ఏం చేస్తారు! పొర పారదర్శకమైనది, కంటికి ఆనదు. అందుచేత దానిపై వెండిరజను చల్లినాడు. కదలిక అతివేగమైనది, చూపు నిలవదు. అందుచేత దానికి సరితూగే వేగంతో వెలిగి ఆరే దీపం క్రింద చూసినాడు. ఆ దీపపు వెలుగులో సెకనుకు కొన్ని వందలసార్లు ఆడే పొర, నెమ్మదిగా ఊగుతున్నట్లు కనిపిస్తుంది.

కనిపించినది ఒక అల. గడపకు తాడు కట్టి రెండో కొసను చేతితో విదిలిస్తే తాడు వెంట పరుగెత్తే అల వంటిది. అంకవన్నె తట్టే మొదటి కొస నుండి బయలుదేరి, పోనుపోను ఎత్తు పెరిగి, ఒకచోట శిఖరమెక్కి, ఆపైన చప్పున అణగిపోతుంది. హెచ్చుస్థాయి స్వరమైతే శిఖరం మొదట్లోనే. తగ్గుస్థాయి స్వరమైతే అల నత్తగుల్ల చివరి చుట్టు దాకా ప్రయాణిస్తుంది. దీనికి కారణం కూడ ఆయన కొలిచి చూపినాడు. పొర మొదట్లో సన్నమై బిరుసుగా ఉన్నది. చివరకు పోయేసరికి వెడల్పు సుమారు అయిదింతలై, బిరుసుదనం నూరింతలకు మించి తగ్గిపోతున్నది. హెల్మ్‌హోల్ట్స్ చెప్పినట్లు స్వరానికొక స్థానం ఉన్నమాట నిజమే. కాని బిగించిన తీగలు లేవు. పొర అంతా కదులుతుంది, ఒకచోట ఎక్కువగా కదులుతుంది. ఇరువైపుల వాదాలలోను సగం సగం నిజమున్నదన్నమాట. ఇటువంటి తీర్పు ఇరువైపులవారికీ నచ్చదు.

ఈ సంగతిని వెల్లడించే మొదటి వ్యాసం 1928లో జర్మన్ భాషలో, ఒక భౌతికశాస్త్ర పత్రికలో, పద్దెనిమిది పుటలలో అచ్చయినది. చెవి వైద్యులు ఆ పత్రికను చదవరు. చదివే భౌతికశాస్త్రజ్ఞులకు ఆ రోజులలో పరమాణువు తప్ప మరొకటి పట్టదు. అయినా వ్యాసాలు ఏడాది తప్పకుండ వచ్చినవి. కపాలపు ఎముక గుండా వినడాన్ని గూర్చి 1932లో వ్రాసినది వాటిలో గమనింపదగినది. ఎముక ద్వారా పంపిన స్వరాన్ని గాలి ద్వారా పంపిన స్వరంతో సరిచేసి, రెండూ ఒకదాని నొకటి రద్దుచేసుకొని నిశ్శబ్దమయ్యేటట్లు చేసి, ఏ త్రోవన వచ్చినా లోపల కదిలేది ఆ పొరేనని నిరూపించినాడు. తన కంఠాన్ని రికార్డులో మొదటిసారి విన్న ప్రతివాడూ, ‘ఇది నా గొంతు కాదు’ అంటాడు. మాట్లాడేటప్పుడు మన గొంతును మనం కొంత ఎముక గుండా కూడ వింటాము. రికార్డులో ఆ వాటా ఉండదు. ఈ విషయంపై బేకేషీ 1949లో ప్రత్యేకంగా ఒక వ్యాసమే వ్రాసినాడు.

కోడి, ఎలుక, పశువు, ఏనుగు వంటి జంతువుల చెవులను కూడ పరీక్షించి 1944లో ఫలితాలు ప్రకటించినాడు. అన్నిటిలోను అల కనిపించినది. అప్పటికి యుద్ధం బుడాపెస్టు మీదికి వచ్చిపడినది. బాంబుదాడులలో పరిశోధనశాల ధ్వంసమైనది. 1946లో దేశం విడిచి స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థకు, మరుసటి ఏడు అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చేరుకొన్నాడు. అక్కడ ఆయన పనిచేసిన శ్రవణమనశ్శాస్త్ర పరిశోధనశాల, అంతర్యుద్ధంలో మరణించినవారి స్మారకభవనపు నేలమాళిగలో ఉండేది.

దారిలో, 1947లో, ప్రచురించిన ఒక చిన్న వ్యాసం ఆయన పేరును ఆసుపత్రులకు తీసుకొనిపోయినది. వినికిడిని కొలిచే కొత్త పరికరం అది. రోగి చేతికి ఒక మీట ఇస్తారు. శబ్దం వినబడినంతసేపు నొక్కి ఉంచాలి, అప్పుడు శబ్దం క్రమంగా తగ్గుతుంది. వినబడడం మానగానే విడవాలి, అప్పుడు పెరుగుతుంది. కలం ఒకటి కాగితంపై రంపపు పళ్లవంటి గీత గీస్తూ పోతుంది. పరీక్షించేవాని ఊహకు తావులేకుండ రోగి తన వినికిడి హద్దును తానే గీసి యిస్తాడు.

1960లో ప్రిన్స్‌టన్ ఆచార్యుడు వీవర్, జర్మన్ వ్యాసాలను ఆంగ్లంలోకి అనువదించి, తక్కినవానితో కలిపి, ‘శ్రవణ ప్రయోగాలు’ అనే అర్థం వచ్చే పేరుతో ఏడువందల పుటలు దాటిన ఉద్గ్రంథంగా సంతరించినాడు. ముప్పది సంవత్సరాలుగా చెల్లాచెదురుగా పడియున్న వాదం అప్పుడు ఒక్కచోట కనిపించినది. మరుసటి సంవత్సరమే నోబెల్ బహుమతి. స్టాక్‌హోమ్‌లో 1961 డిసెంబరులో ఆయన చేసిన ఉపన్యాసం పేరులో అంతరకర్ణం కంటె ముందు ‘పరిశీలనలోని ఆనందం’ వచ్చినది. సిద్ధాంతం చేసేవానికంటె చూసేవానికి పెద్దపీట వేసే మనిషి పెట్టుకొనదగిన పేరు.

ఇంతవరకు విజయగాథ. అయితే ఆ ఉద్గ్రంథం చదివినవారికి ఒక చిక్కు కనబడక మానదు. బేకేషీ చూసిన అల శిఖరం చాల మొద్దుగా, విశాలంగా ఉన్నది. గుట్టవలె ఉన్నదే కాని గోపురంవలె లేదు. అభ్యాసమున్న చెవి సెకనుకు 1000 కంపనాల స్వరానికీ 1003 కంపనాల స్వరానికీ తేడా పోల్చగలదు. పొరపై ఆ రెంటి గుట్టలూ ఇంచుమించు ఒకదానిపై ఒకటి పడి ఉంటాయి. ఇంత మొద్దు అలలో నుండి ఇంత సూక్ష్మమైన భేదం ఎట్లా పుట్టినది?

బేకేషీ ఈ ప్రశ్నను దాచలేదు. పొర చేయలేని పని నాడులు చేస్తూ ఉండాలని నిశ్చయించుకొన్నాడు. ఎక్కువగా ప్రేరేపింపబడిన నాడి తన ఇరుగుపొరుగు నాడుల నోరు నొక్కివేస్తుందేమో! కంటి విషయంలో అటువంటిది ఉన్నదని ఎర్నెస్ట్ మాక్ 1865లోనే సూచించినాడు: వెలుగునీడల అంచుల వద్ద, లేని చారలు మన కంటికి కనిపిస్తాయి. దీనిని పరీక్షించడానికి బేకేషీ చేసిన నమూనా ఆయన పనితనానికి మచ్చుతునక. ద్రవం నింపిన గొట్టానికి పొడుగునా చీలిక వేసి, పొర కప్పి, దానిపై ముంజేతిని ఆన్చి, గొట్టంలో కంపనం కలిగించినాడు. అల చేతి పొడవునా పోతున్నది. కాని చేతికి తెలిసేది ఒక్క చిన్నచోట మాత్రమే! కంపనం వేగం మారిస్తే ఆ చోటు చేతి వెంట ముందుకూ వెనుకకూ జరుగుతుంది. మొద్దు అలను చర్మంలోని నాడులు సూదిమొనగా చెక్కి చూపినవి. చెవిలోను జరిగేది ఇదేనని ఆయన నమ్మినాడు.

అక్కడి నుండి పట్టిక స్వరూపం మారిపోయినది. చెవి వెనుకబడి ఇతర ఇంద్రియాలు ముందుకు వచ్చినవి. వాసన ఏ దిక్కు నుండి వస్తున్నదో రెండు ముక్కుపుటాల కాలభేదంతో ఎట్లా పసిగడతామన్నది 1964లో ఒక వ్యాసం. నాలుకపై ఒక్కొక్క బుడిపెను విడిగా ప్రేరేపిస్తే ఒక్కొక్కటి ఒక్కొక్క రుచినే చెబుతుందని 1966లో మరొకటి. ఈ చివరిది నిలవలేదు. ఒకే బుడిపె పలురుచులకు స్పందిస్తుందని ఇతరులు చూపినారు. అన్నిటినీ కూర్చి ఇంద్రియాలలోని నిరోధాన్ని గూర్చి 1967లో పుస్తకం ప్రచురించినాడు. చదవడానికి ఎంతో హాయిగా ఉండే పుస్తకం అది. కాని దానిని వ్రాయించిన మూలప్రశ్నకు సమాధానం మాత్రం వేరొకచోట ఉన్నది. ఆ సమాధానాన్ని అప్పటికి పందొమ్మిదేండ్ల క్రిందటే ఒక యువకుడు అచ్చువేసి యున్నాడు.

ఆ యువకుడు థామస్ గోల్డ్. వియన్నాలో పుట్టి, ఇంగ్లండుకు వచ్చి, యుద్ధకాలంలో రాడారుపై పనిచేసినవాడు. 1948లో ఆయన పంఫ్రీ అనే జీవశాస్త్రజ్ఞునితో కలిసి ఒకటి, తానొక్కడే ఒకటి, వినికిడిపై రెండు వ్యాసాలు రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించినాడు. విశ్వం స్థిరస్థితిలో ఉన్నదని బోండీతో కలిసి ప్రతిపాదించినది కూడ ఆ యేడే. ఆ మనిషి తీరు అది. చెవిని గూర్చి ఆయన వాదం ఇంజనీరు వాదం. ద్రవంలో మునిగి ఉన్న అంత చిన్న వస్తువు ఏదైనా సరే, ద్రవపు జిగటచేత క్షణంలో ఆగిపోవాలి. చెవి మాత్రం సూక్ష్మస్వరాలను విడదీస్తున్నది. కాబట్టి కదలికలో పోయిన శక్తిని ఎవరో తిరిగి నింపుతున్నారు. రేడియోలో బలహీనమైన సంకేతాన్ని మళ్లీమళ్లీ మొదటికి పంపి బలపరచినట్లు, చెవి తన కంపనానికి తానే ఊపు ఇస్తున్నది. ఇది నిజమైతే, ఆ ఊపు ఎప్పుడైనా అదుపు తప్పినప్పుడు చెవిలో నుండి బయటికి శబ్దం రావాలి గదా! మైక్రోఫోను పెట్టి వినడానికి కూడ ప్రయత్నించినాడు. నాటి పరికరాలకు అది అందలేదు.

ఆ వాదాన్ని ఎవరూ పట్టించుకోలేదు. చెవి వినవలసిన అవయవం, అది ధ్వనించడమేమిటి? పైగా ఎదుట కంటికి కనిపించే సాక్ష్యమున్నది. బేకేషీ అలను చూసినాడు, అది మొద్దుగా ఉన్నది. కన్ను చెప్పిన దానికి, కాగితంపై వేసిన లెక్కకు పోటీ వస్తే శాస్త్రజ్ఞుడైనా కంటినే నమ్ముతాడు. అది తప్పు కాదు. అయితే కన్ను దేనిని చూసినదన్నది అడగవలసిన ప్రశ్న. బేకేషీ చూసిన చెవులలో అధికభాగం శవాలవి. వెండిరజను కదలడం కంటికి ఆనాలంటే, చెవికి నొప్పి పుట్టించేటంత గట్టి శబ్దం ఇవ్వవలసి వచ్చినది. చనిపోయిన చెవికి పెనుశబ్దం వినిపిస్తే ఏమవుతుందో ఆయన నిర్దుష్టంగా కనిపెట్టినాడు. బ్రదికియున్న చెవి గుసగుసను ఎట్లా వింటుందన్నది వేరే సంగతి.

గోల్డ్ మాటకు బలం చేకూర్చిన పరికరం వెనుక ఒక వింత యాదృచ్ఛికత ఉన్నది. 1961లో బేకేషీ వైద్యశాస్త్ర బహుమతి అందుకొన్న ఏడే, భౌతికశాస్త్ర బహుమతి అందుకొన్నవారిలో రుడాల్ఫ్ మోస్‌బావర్ అనే యువకుడున్నాడు. రేడియోధార్మిక పదార్థపు కిరణాల ద్వారా అతి స్వల్పమైన వేగాలను కొలవడం ఆయన కనిపెట్టిన దృగ్విషయంవల్ల సాధ్యమైనది. పదేండ్లు తిరిగేసరికి, 1971లో, రోడ్ అనే అమెరికన్ పరిశోధకుడు ఆ పద్ధతినే బ్రదికియున్న కోతి చెవిపై ప్రయోగించినాడు. ఆధారత్వచంపై రేడియోధార్మికమైన చిరుతునకను ఉంచి కొలిచినాడు. సన్నని శబ్దానికి పొర ఊహించిన దానికంటె ఎన్నోరెట్లు ఎక్కువగా కదలినది. శబ్దం పెరిగిన కొద్దీ ఆ అదనపు సాయం తగ్గినది. జంతువు మరణించగానే అది మాయమైనది. మిగిలినది బేకేషీ చూసిన మొద్దు అల.

ఆ మరుసటి సంవత్సరం, 1972 జూన్ 13న, బేకేషీ హొనొలూలూలో కన్నుమూసినాడు. 1965లో హార్వర్డ్ పరిశోధనశాల అగ్నిప్రమాదానికి గురియైన పిమ్మట ఆయన హవాయీ విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయి ఉన్నాడు. అక్కడ ఆయనకు పరిశోధనశాల కట్టించడానికి డబ్బిచ్చినది కూడ ఒక టెలిఫోను సంస్థే కావడం విశేషం. జీవితమంతా కూర్చుకొన్న కళాఖండాలను నోబెల్ సంస్థకు వ్రాసి యిచ్చినాడు.

తరువాతి కథ త్వరగా నడచినది. 1978లో లండనులో డేవిడ్ కెంప్ మానవుల చెవిలోకి ‘టిక్కు’మనే చప్పుడు పంపి, అతి సున్నితమైన మైక్రోఫోనుతో కనిపెట్టి చూసినాడు. సెకనులో వందోవంతు కాలం గడిచేసరికి చెవి లోపలి నుండి ప్రతిధ్వని వచ్చినది. వినికిడి పోయిన చెవులలో రాలేదు. గోల్డ్ ముప్పదియేండ్ల క్రిందట వినబోయి వినలేకపోయిన శబ్దం అది. 1985లో బ్రౌనెల్, ఆయన సహచరులు బయటి వరుసల రోమకణాలు విద్యుత్ప్రేరణకు పొట్టి పొడుగులవుతూ నిజంగా నర్తిస్తాయని చూపినారు. ఒక్కొక్క చెవిలో అటువంటి కణాలు సుమారు 12,000. మెదడుకు వార్త పంపేవి ప్రధానంగా లోపలి వరుసలోని సుమారు 3,500 కణాలే. తక్కినవి అలకు ఊపునిచ్చే పనివాండ్రు. ఆ నర్తనకు మూలమైన ప్రోటీను 2000లో దొరికినది. పెనుశబ్దాల మధ్య పనిచేసేవారికి, వార్ధక్యంలో ఉన్నవారికి ముందుగా దెబ్బతినేవి సాధారణంగా ఈ కణాలే. అందుకనే అటువంటివారు శబ్దం వినబడుతున్నదనీ, మాట మాత్రం తెలియడం లేదనీ అంటారు. మొద్దు అల మిగిలి, మొన విరిగిపోయిందన్నమాట.

మరి 1961 నాటి బహుమతి పొరపాటా? అట్లా అనడం తొందరపాటు. స్వరానికొక స్థానముండడం, అల ఆ స్థానం దాకా ప్రయాణించడం నేటికీ చెక్కుచెదరలేదు. పుట్టుచెవుడుగల పిల్లలకు కర్ణావర్తంలో అమర్చే విద్యుత్పరికరం ఆ పటం ఆధారంగానే పనిచేస్తుంది: హెచ్చుస్వరాల విద్యుత్తు మొదటి చుట్టులోకి, తగ్గుస్వరాలది లోపలికి. ఆరోగ్యశ్రీ పథకంలో ఈ శస్త్రచికిత్సను చేర్చిన తరువాత తెలుగునాట పేదయింటి పసివాండ్రకు కూడ అది అందుబాటులోకి వచ్చినది. ‘అమ్మా’ అనే పిలుపును జీవితంలో మొదటిసారి విని తల తిప్పే పిల్లవాని చెవిలో బేకేషీ గీసిన పటం ఉన్నది.

ఆయన తప్పింది కనుచూపులో కాదు. చూసినదే సర్వమని భావించి, మిగిలినదానిని నాడులకు అప్పగించడంలో తప్పినాడు. అయితే శబ్దం ఎంత గట్టిగా ఇచ్చినాడో, చెవి ఎటువంటిదో, ఎక్కడ తెరచినాడో అంతా వ్యాసాలలో వ్రాసిపెట్టినాడు. తరువాతివారు ఆయన లోటును ఆయన లెక్కలలోనే పట్టుకోగలిగినారు. ఆ ఉద్గ్రంథంలో ఆయన పరిశోధకులకు చెప్పిన ఒక సలహా కూడ ఉన్నది. పొరపాట్లు పట్టుకోవడానికి మంచి స్నేహితులుండాలి. అంతకంటె మేలు మంచి శత్రువుండడం, ఎందుకంటే శత్రువు ఆ పనికి ఎంత కాలమైనా వెచ్చిస్తాడు. చిక్కల్లా అటువంటి శత్రువులు స్నేహితులై చెడిపోవడమేనని ఆయన చమత్కారం. గోల్డ్ ఆయనకు అటువంటి శత్రువు కావలసినవాడు. కాని ఆ వాదం సాగకుండానే గోల్డ్ చెవిని విడిచి నక్షత్రాల వైపు వెళ్లిపోయినాడు. శాస్త్రానికి ముప్పదియేండ్లు నష్టం వచ్చినది ఇక్కడనే.

నేడు అనేక ప్రసూతి ఆసుపత్రులలో పుట్టిన ఒకటి రెండు రోజులకే బిడ్డ చెవిలో మెత్తని చిన్న బిరడా వంటి పరికరం ఉంచుతారు. బిడ్డ నిద్రపోతూ ఉంటే మంచిది. ‘టిక్కు’మనే చప్పుళ్లు వరుసగా లోపలికి పోతాయి. బుడాపెస్టు తంతులకు వినిపించినవంటి చప్పుళ్లే అవి. ఇటు నర్సు, అటు తల్లి, లోపలి నుండి ప్రతిధ్వని వచ్చినదని యంత్రం చూపేవరకు ఊపిరి బిగబట్టి చూస్తూ ఉంటారు.